కోళ్ళగూటిలో దొరికిన కారు

1968వ సంవత్సరంలో అమెరికాలోని అరిజోనా రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఇంజనీరింగు విద్యార్థుల కంట ఒక వింత వస్తువు పడినది. చూడడానికి అది పెద్ద చేపవలె ఉన్నది. ముందు గుండ్రని తల, ఒళ్ళంతా లోహపు రేకులు, వెనుకకు పోను పోను సన్నగిలిన తోక. దానిని కోళ్ళగూడుగా వాడుకుంటూ వచ్చినారు. నిజానికి అది కోళ్ళ కోసం కట్టిన గూడు కాదు. 1934 జనవరిలో తయారైన ఒక మోటారు కారు. తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోవాలనీ, గాలిని చీల్చుకొని కాక గాలిలో జారిపోతూ పోవాలనీ సంకల్పించి నిర్మించిన మూడు కార్లలో రెండవది. మిగిలిన రెండూ అప్పటికే నశించినవి.

దాని పేరు డైమాక్సియన్. నిర్మించినవాడు రిచర్డ్ బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ (1895–1983). గోళాకారపు కప్పుల రూపశిల్పిగా ఇతడు తరువాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైనాడు. 1985లో కనుగొన్న 60 కార్బను పరమాణువుల అణువుకు ఇతని పేరు మీదనే ఫుల్లరీన్ అనే పేరు వచ్చినది. కాని 1933లో అతడు చేతిలో డబ్బు లేని, తలనిండ ఆలోచనలున్న మనిషి మాత్రమే. అతని కారు ఎట్లు పుట్టినది, ఎట్లు దెబ్బతిన్నది, మళ్ళీ ఎట్లు బాగుపడినది అనే కథలో భౌతికశాస్త్ర పాఠం ఒకటి, శాస్త్రీయమైన నిజాయితీకి సంబంధించిన పాఠం ఒకటి ఉన్నవి.

గాలి వసూలుచేసే సుంకం

కారు కదులుతున్నప్పుడు ఇంజను రెండు ముఖ్యమైన అడ్డంకులను ఎదుర్కోవలసి ఉంటుంది. ఒకటి, చక్రాలు నేలమీద దొర్లడంలోని నిరోధం. ఇది వేగంతో ఎక్కువగా మారదు. రెండవది గాలి నిరోధం. ఇది వేగం యొక్క వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే గాలి నిరోధం నాలుగు రెట్లవుతుంది. నిరోధాన్ని వేగంతో గుణిస్తే కావలసిన సామర్థ్యం వస్తుంది కనుక, వేగం రెట్టింపైతే గాలికోసం ఇంజను వెచ్చించవలసిన సామర్థ్యం ఎనిమిది రెట్లవుతుంది.

ఈ నిరోధం గాలి సాంద్రత, వేగం, బండి ఎదురు వైశాల్యం, నిరోధ గుణకం అనే నాలుగింటిపై ఆధారపడుతుంది. బండిని ఎదుటినుంచి చూచినప్పుడు కనబడే వైశాల్యమే ఎదురు వైశాల్యం. నిరోధ గుణకం అనేది బండి ఆకారాన్ని తెలిపే ఒక సంఖ్య. ఆకారం మొరటుగా ఉంటే అది పెద్దది, నునుపుగా ఉంటే చిన్నది. ఒక ఉదాహరణ తీసుకుందాము. ఎదురు వైశాల్యం 2 చదరపు మీటర్లు, నిరోధ గుణకం 0.6 ఉన్న ఒక పెట్టెవంటి కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకోండి. గాలి నిరోధం సుమారు 288 న్యూటన్లు. దానికి కావలసిన సామర్థ్యం 6 కిలోవాట్ల కన్న కొంచెం తక్కువ. అదే కారు గంటకు 144 కిలోమీటర్ల వేగం అందుకోవాలంటే 46 కిలోవాట్లు కావలెను. గుణకాన్ని 0.6 నుంచి 0.3కు తగ్గిస్తే ఈ 46 కిలోవాట్లు 23 అవుతాయి. ఇంజనును ముట్టుకోకుండా, కేవలం రేకును వంచడం వల్ల కలిగిన లాభమిది.

ఏ ఆకారం మంచిది? ముందు భాగం సూదిగా ఉంటే చాలునని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ముఖ్యమైనది వెనుక భాగం. గాలి బండిని దాటిన తరువాత మళ్ళీ సాఫీగా కలిసిపోకపోతే, బండి వెనుక సుడులు పుట్టి పీడనం తగ్గుతుంది. అప్పుడు బండిని ఎవరో వెనుకకు లాగుతున్నట్లవుతుంది. తరగతిలో ఈ సంగతిని ఒక కొవ్వొత్తితో చూపవచ్చును. వెలుగుతున్న కొవ్వొత్తికి ముందు ఒక గుండ్రని సీసా నిలిపి, సీసామీద ఊదండి. వెనుకనున్న కొవ్వొత్తి ఆరిపోతుంది. గాలి సీసాను చుట్టి వచ్చి వెనుక కలిసినదన్న మాట. సీసా బదులు అంతే వెడల్పుగల అట్టముక్కను నిలిపి ఊదండి. జ్వాల ఆరదు సరికదా, అట్ట వైపుకే వంగుతుంది. ఆ వంగిన జ్వాలయే సుడులకు సాక్షి. సీసా కన్న ఇంకా మేలైనది, ముందు గుండ్రంగా ఉండి వెనుక క్రమంగా సన్నగిల్లే ఆకారం. చేపలో మనకు కనిపించేది ఇదే. దీనినే ధారారేఖాకృతి అంటారు.

ఫుల్లర్‌కు ముందు

ఈ ఆకారాన్ని మోటారు కారుకు తొడిగిన మొదటివాడు ఫుల్లర్ కాదు. మొదటి ప్రపంచయుద్ధంలో విమానాలు నిర్మించిన ఎడ్మండ్ రుంప్లర్ అనే ఇంజనీరు 1921లో బెర్లిన్ మోటారు ప్రదర్శనలో ఒక కారును చూపినాడు. పైనుంచి చూస్తే అది బిందువు ఆకారంలో ఉన్నది. అటువంటివి సుమారు 100 మాత్రమే తయారైనవి. కొన్ని బెర్లిన్ నగరంలో టాక్సీలుగా తిరిగినవి. 1927 నాటి "మెట్రోపోలిస్" చలనచిత్రం కోసం కొన్నిటిని తగులబెట్టినారు కూడ. చివరకు రెండే మిగిలి ప్రదర్శనశాలలకు చేరినవి. 1979లో వోక్స్‌వాగన్ సంస్థవారు వాటిలో ఒకదానిని తమ గాలి సొరంగంలో నిలిపి కొలిచినారు. నిరోధ గుణకం 0.28 అని తేలినది. 58 సంవత్సరాల క్రితపు బండి ఆనాటి కొత్త కార్లలో చాలావాటిని మించినది. పాత బండిని పదిలంగా ఉంచడం వల్ల కలిగే ప్రయోజనం ఇటువంటిది. అది ఉన్నంతకాలం దానిని మళ్ళీ ప్రశ్నించవచ్చును.

మూడు చక్రాల చేప

1933లో ఫుల్లర్ కనెక్టికట్ రాష్ట్రంలోని బ్రిడ్జిపోర్టు పట్టణంలో మూతపడిన ఒక మోటారు కర్మాగారపు భవనాన్ని తీసుకొని పని ఆరంభించినాడు. పందెపు నావల నిర్మాణంలో పేరుపొందిన స్టార్లింగ్ బర్గెస్ అతనికి తోడుగా నిలిచినాడు. యాష్ చెట్టు కర్రతో చట్రం కట్టి, దానిపై విమానాలకు వాడే తేలికైన అల్యూమినియం మిశ్రలోహపు రేకులు బిగించినారు. ఇంజను ఫోర్డువారి ఎనిమిది సిలిండర్లది. దాని శక్తి 85 అశ్వసామర్థ్యం. దానిని వెనుక భాగంలో అమర్చి, ముందున్న రెండు చక్రాలను తిప్పేటట్లు చేసినారు. వెనుక ఒకే ఒక చక్రం. బండిని మలిపే పని ఆ వెనుక చక్రానిదే. పడవకు చుక్కాని వెనుక ఉన్నట్లు, చేపకు తోక ఉన్నట్లు, ఈ బండికి స్టీరింగు వెనుక ఉన్నది.

మొదటి కారు 1933 జూలై 12న ప్రజలకు కనిపించినది. దాని పొడవు సుమారు 20 అడుగులు. 11 మంది కూర్చొనవచ్చునని చెప్పినారు. వెనుక చక్రం చాల మేరకు మలగడం వల్ల, అంత పొడవైన బండి ఉన్నచోటనే గిరుక్కున తిరిగేది. ఇరుకు సందులో నిలపడానికి అది అద్భుతంగా కనిపించినది. గాలను పెట్రోలుకు 30 మైళ్ళు, అనగా లీటరుకు సుమారు 12.7 కిలోమీటర్లు పోగలదనీ, గంటకు 120 మైళ్ళ వేగం అందుకోగలదనీ ఫుల్లర్ ప్రకటించినాడు. ఆనాటి అంత పెద్ద బండికి ఇవి రెండూ ఆశ్చర్యకరమైన అంకెలు.

1933 అక్టోబరు 27న చికాగో నగరంలో, అంతర్జాతీయ ప్రదర్శన జరుగుతున్న ఆవరణకు దగ్గరలో, మొదటి కారు బోల్తాపడినది. దానిని నడుపుతున్న టర్నర్ మరణించినాడు. లోపలనున్న ఇద్దరు ప్రయాణికులు గాయపడినారు. మరొక కారు దీనిని తాకినదనీ, ఆ కారును పోలీసు విచారణకు ముందే అక్కడినుంచి తొలగించినారనీ తరువాత బయటపడినది. కాని అప్పటికే పత్రికలు ఈ వింతబండినే నిందించినవి. మదుపుపెట్టదలచినవారు వెనుకంజ వేసినారు. రెండవ కారు, మూడవ కారు పూర్తయినా, పదిమందికి అమ్మేందుకు కార్లు తయారుచేసే యోచన అక్కడితో ఆగిపోయినది.

మొదటి కారును మరమ్మతు చేసినారుగాని, కొంతకాలానికి అది వాషింగ్టన్‌లో ఒక గారేజీ అగ్నిప్రమాదంలో కాలిపోయినది. మూడవది ప్రసిద్ధ సంగీత నిర్వాహకుడు లియొపోల్డ్ స్టొకోవ్‌స్కీ కొనుక్కున్నది. అది చేతులు మారి మారి, చివరకు పాతలోహం కింద పోయినది. రెండవది కోళ్ళగూడైనది.

తప్పు ఎక్కడ ఉన్నది?

చికాగో ప్రమాదానికి మరొక కారు తాకడం కారణం కావచ్చును. అయినంత మాత్రాన డైమాక్సియన్‌లో దోషం లేదని అనరాదు. వెనుక చక్రంతో మలిపే బండికి స్వతస్సిద్ధమైన చిక్కు ఒకటి ఉన్నది. లారీని వెనుకకు నడిపే డ్రైవరును అడిగితే ఆ సంగతి వెంటనే చెప్పును. ముందుకు పోయేటప్పుడు స్టీరింగును కొద్దిగా తిప్పితే బండి కొద్దిగా తిరుగుతుంది. వదిలితే తనంతట తాను తిన్నగా వస్తుంది. వెనుకకు పోయేటప్పుడు కొద్దిగా తిప్పినా బండి ఎక్కువగా విసురుతుంది. వదిలితే ఆ విసురు ఇంకా పెరుగుతుంది. వెనుకకు నడిపేటప్పుడు మలిపే చక్రాలు పయనించే దిక్కుకు వెనుకనుండడమే ఇందుకు కారణం. డైమాక్సియన్ ఎల్లప్పుడు ఆ స్థితిలోనే నడిచినది. మెల్లగా పోయేటప్పుడు ఇబ్బంది లేదు. వేగం హెచ్చినకొలది డ్రైవరు నిమిషమైనా ఏమరకుండా సరిదిద్దుతూ ఉండవలెను.

మరొక చిక్కు కూడ ఉన్నది. కుడివైపుకు తిరగాలంటే వెనుక చక్రం మొదట బండి తోకను ఎడమకు నెట్టవలెను. గోడ పక్కన నిలిపిన బండిని గోడనుంచి తప్పించాలంటే తోక గోడకే తగులుతుంది.

దీనికి గాలి తోడైనది. చేప ఆకారం ఎదురుగాలికి లొంగుతుందిగాని పక్కగాలికి సులభంగా చలిస్తుంది. పక్కగాలి తోపు గరిమనాభికి ముందు భాగంలో ఎక్కువగా పనిచేస్తే బండి ముక్కు పక్కకు తిరుగుతుంది. పైగా వేగం హెచ్చినప్పుడు గాలి తోకను పైకి లేవనెత్తే స్వభావం చూపుతుంది. తోక తేలికైతే నేలను పట్టి ఉండవలసిన ఒకే ఒక మలుపు చక్రం పట్టు కోల్పోతుంది. ఫుల్లర్ దీనిని గ్రహించకపోలేదు. మూడవ కారు పైన ఒక నిలువు రెక్కను అమర్చినాడు. బాణానికి ఈకలు చేసే పనినే అది చేయవలెనని అతని ఉద్దేశం. 1943లో పారిశ్రామికవేత్త హెన్రీ కైజర్ కోసం ఒక చిన్న కారు నమూనాను రూపొందించినప్పుడు, మామూలుగా పోయేటప్పుడు ముందు చక్రాలే బండిని మలిపేటట్లు, బాగా ఇరుకైన మలుపులలో మాత్రమే వెనుక చక్రం సాయపడేటట్లు ఏర్పాటుచేసినాడు. ఆ కారు కాగితం మీదనే ఉండిపోయినది. కాని అందులో ఒక ఒప్పుకోలు ఉన్నది. పది సంవత్సరాల క్రితం తాను చేసిన పొరపాటును నిర్మాత తానే దిద్దుకున్నాడు.

బాగుచేయుట, మెరుగుపరచుట

కోళ్ళగూటినుంచి వెలువడిన రెండవ కారు మొదట విలియం హారా అనే సేకర్త చేతికి వచ్చి, ఆ తరువాత నెవాడా రాష్ట్రంలోని రీనో నగరపు జాతీయ మోటారువాహన ప్రదర్శనశాలలో నిలిచినది. పైపై తొడుగు నిలిచినదిగాని లోపలి అమరిక పోయినది. బ్రిటిషు వాస్తుశిల్పి నార్మన్ ఫోస్టర్ 1971 నుంచి ఫుల్లర్ మరణించేవరకు అతనితో కలిసి పనిచేసినవాడు. తన గురువు స్మృతికి నాలుగవ డైమాక్సియన్‌ను నిర్మింపజేయవలెనని అతడు సంకల్పించినాడు. అందుకు మాదిరిగా రెండవ కారును అరువు తీసుకున్నాడు. బదులుగా దాని లోపలి భాగాన్ని పాత ఛాయాచిత్రాలనుబట్టి తిరిగి అమర్చి ఇచ్చినాడు. పాత పందెపు కార్లను బాగుచేయడంలో నిపుణులైన ఇంగ్లండు పనివారు కర్ర చట్రం కట్టి, రేకును చేతితో సాగగొట్టి, 2010 నాటికి నాలుగవ కారును పూర్తిచేసినారు. అదే సంవత్సరం మాడ్రిడ్ నగరంలో దానిని ప్రదర్శించినారు. అమెరికాలో నాష్‌విల్ నగరపు లేన్ మోటారు ప్రదర్శనశాలవారు కూడ మొదటి కారును పోలిన ఒక నకలును తయారుచేయించి రోడ్డుమీద నడిపినారు.

ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగుతుంది. వెనుక స్టీరింగు అపాయకరమని తెలిసిన తరువాత నకలులో దానిని మార్చరాదా? ముందు చక్రాలతో మలిపేటట్లు చేస్తే బండి సుఖంగా నడుస్తుంది. కాని అప్పుడది డైమాక్సియన్ కాదు. ఫుల్లర్ ఏమి చేసినాడో, ఎక్కడ తప్పినాడో చెప్పగల సాక్ష్యం అందులో ఉండదు. నకళ్ళను ఉన్నదున్నట్లు కట్టినందువల్లనే, నడిపినవారికి ఆ బండి రోడ్డుమీద ఎట్లా తూగుతుందో చేతులకు తెలిసినది. తొంభై ఏళ్ళ కిందటి వాదం మాటలతో కాక అనుభవంతో తేలినది.

వేగం గురించిన వాదాన్ని విద్యార్థులు లెక్కతోనే తేల్చవచ్చును. 85 అశ్వసామర్థ్యమంటే సుమారు 63 కిలోవాట్లు. చక్రాలకు, పళ్ళచక్రాలకు నాలుగవ వంతు పోయినదనుకుంటే గాలికోసం మిగిలేది 47 కిలోవాట్లు. గంటకు 120 మైళ్ళంటే సెకనుకు సుమారు 54 మీటర్లు. ఎదురు వైశాల్యం 3 చదరపు మీటర్లనుకుందాము. లెక్కవేస్తే, ఆ వేగం అందాలంటే నిరోధ గుణకం సుమారు 0.17 ఉండవలెను. ఇది మన ఊహతో వేసిన లెక్కయే అయినా, 0.17 అనేది ఎంత చిన్న సంఖ్యయో రుంప్లర్ బండి 0.28తో పోల్చి చూస్తే తెలుస్తుంది. అదే లెక్కను గంటకు 90 మైళ్ళకు వేస్తే 0.41 సరిపోతుంది. ఈ కార్లు నిజంగా అందుకున్న వేగం 90 మైళ్ళ ప్రాంతమేనని చెప్పడం ఇందుకు అనుగుణంగానే ఉన్నది. 120 అనేది ఆశ. 90 అనేది అనుభవం.

అయితే పాతబండిని మెరుగుపరచడమే తప్పా? కానే కాదు. దానికి వేరే పద్ధతి ఉన్నది. 1970 దశకంలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసావారు కాలిఫోర్నియాలోని తమ పరిశోధన కేంద్రంలో ఒక పాత వ్యానును తీసుకున్నారు. దాని చుట్టు అల్యూమినియం పలకలు బిగించి, అంచులన్నీ లంబకోణాలుగల పెట్టెవలె మార్చినారు. ముందు దాని నిరోధాన్ని కొలిచినారు. తరువాత నిలువు అంచులను మాత్రం గుండ్రం చేసి కొలిచినారు. నిరోధం 40 శాతం తగ్గినది. అడ్డపు అంచులను కూడ గుండ్రం చేస్తే మొత్తం తగ్గుదల 54 శాతమైనది. లోపలి చోటు కేవలం 3 శాతం తగ్గినది. కొలిచిన తీరు కూడ సులభమైనదే. బండిని వేగంగా నడిపి, ఇంజనుకు చక్రాలకు సంబంధం తప్పించి, దానంతట అది ఎంతసేపటికి ఎంత నెమ్మదిస్తుందో గమనించినారు. మెల్లగా నెమ్మదిస్తే నిరోధం తక్కువ. వారు ఒకసారి ఒక మార్పే చేసినారు. ప్రతి మార్పుకు ముందు, తరువాత కొలిచినారు. వ్రాసిపెట్టినారు. నేడు రోడ్లపై పోయే పెద్ద లారీల గుండ్రని ముందుభాగాల వెనుక ఇటువంటి పరిశోధన ఉన్నది.

ఇంట్లో పాత కారును గాలికి అనువుగా మలచి, పెట్రోలు పొదుపు చేయదలచే ఉత్సాహవంతులు నేడు అనేక దేశాలలో ఉన్నారు. అడుగుభాగాన్ని పలకతో మూసేవారు, వెనుక చక్రాలకు కప్పులు తొడిగేవారు, తోకను పొడిగించేవారు వారిలో ఉన్నారు. వారికి కూడ ఈ సూత్రమే వర్తిస్తుంది. ముందు బండిని సరియైన స్థితికి తేవలెను. చక్రాలలో గాలి, బ్రేకులు, ఇంజను సరిగా లేని బండిపై చేసిన కొలతకు విలువ లేదు. బాగుచేసిన తరువాత కొలత. కొలత తరువాత మార్పు. మార్పు తరువాత మళ్ళీ కొలత.

పోయిన సాక్షి

చివరగా మరొక బండిని తలచుకోవలసి ఉన్నది. 1939లో జర్మనీలోని గోటింగెన్ వాయుగతి పరిశోధన సంస్థలో కార్ల్ ష్లోర్ అనే ఇంజనీరు మెర్సిడిస్ 170 హెచ్ అనే సాధారణమైన కారు చట్రానికి గుడ్డువంటి తొడుగు వేసినాడు. బరువు సుమారు 250 కిలోలు పెరిగినది. అయినా గంటకు 105 కిలోమీటర్ల వేగం 135 ప్రాంతానికి పెరిగినది. 100 కిలోమీటర్లకు 10 నుంచి 12 లీటర్లవరకు తాగే బండి 8 లీటర్లతో సరిపెట్టుకున్నది. కారు నిరోధ గుణకం 0.186 అని నమోదైనది. ఇవి ఆనాడు నమోదైన అంకెలు. కాని యుద్ధం తరువాత ఆ బండి ఆచూకీ లేకుండా పోయినది. తరువాతి కాలంలో దాని చిన్న నమూనాను సొరంగంలో పెట్టి కొలిచినారుగాని, అసలు బండిని పక్కగాలిలో నడిపి చూడడానికి, దానిలో ఏమి సరిదిద్దితే అది ఇంటింటి కారయ్యేదో తెలుసుకోవడానికి అవకాశం లేకపోయినది.

రుంప్లర్ బండి మిగిలినది కనుక తన గొప్పతనాన్ని 58 ఏళ్ళ తరువాత రుజువుచేసుకున్నది. ష్లోర్ బండి మిగలలేదు కనుక దాని ప్రశ్నలు అట్లే ఉన్నవి. డైమాక్సియన్ ఈ రెండింటికి నడుమ ఉన్నది. ఒక కోళ్ళగూటి పుణ్యమా అని అది మిగిలినది. తన గొప్పను, తన తప్పును రెండింటినీ చెప్పగలిగినది. పాఠశాల ప్రయోగశాల మూలన దుమ్ము కొట్టుకొని ఉన్న పాత పరికరాన్ని పారవేయబోయే ముందు ఈ కథను గుర్తుచేసుకోవడం మంచిది. దానిని శుభ్రపరచి, ఉన్నదున్నట్లు పనిచేయించి, ఏమి చెబుతుందో కొలిచి చూడండి. మెరుగుపరచే ఉద్దేశం ఉంటే మరొకటి కొత్తగా చేయండి. పాతది సాక్షిగా పక్కన ఉన్నప్పుడే కొత్తది ఎంత మెరుగో తెలుస్తుంది.